మధ్యలో నిలబడే ఇద్దరు

పోయిన నెల ఏకాదశి రోజు తెల్లవారి కాఫీ తీసుకుని మేడ మీదికి వెళ్తే మా బావగారు లేవలేదు. నిద్రలోనే పోయారు. గ్లాసు కిటికీ మీద పెట్టి, కిందికి వచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన అన్న పక్కన చాలాసేపు కూర్చున్నారు. తర్వాత ఆయన అడిగిన మొదటి మాట, "పాపకు ఎవరు చెప్పేది?"

పాప అంటే మా అమ్మాయి దివ్య. ఆ రోజు అది దేశం తరఫున రగ్బీ ఆడే ఆడపిల్లల జట్టుతో క్యాంపులో ఉంది. ఆ వారంలోనే మ్యాచ్. దాన్ని ఒకసారి ఆ జట్టులోకి రానివ్వకుండా చేసింది మా బావగారే. అందుకే ఈ నాలుగు మాటలు రాయాలనిపించింది.

ఆయన తిరువళ్ళూరులో ఒక బడిలో డ్రిల్లు మాస్టరు. పెళ్ళి చేసుకోలేదు. నేను కోడలుగా వచ్చిన నాటి నుంచి మా ఇంటి మేడ మీదే ఉన్నారు. విజిల్ ఊదేవారు కాదు, చేతులు చరిచేవారు. గ్రౌండులో చెప్పులు వేసుకునేవారు కాదు. పొద్దున రాగి గంజి, ఉప్పుమిరపకాయ ఉంటే చాలు. బంతి అంటే గుండ్రంగా ఉంటుందనుకునే ఊళ్ళో ఆయన ఆడపిల్లల చేతికి కోడిగుడ్డు లాంటి బంతి ఇచ్చారు. అది ఎటు ఎగురుతుందో దేవుడికే తెలుసని మొదట్లో తల్లులందరం నవ్వుకునేవాళ్ళం.

నేను పదో తరగతి వరకే చదివాను. ఆట నాకు నేర్పింది ఆయనే, వంటింటి లోటాలతో. పదిహేను లోటాలు వరసపెట్టి, ముందున్న ఎనిమిదింటినీ పక్కకు నెట్టేసేవారు. "వీళ్ళు బలంతో తోసేవాళ్ళు, విడిచిపెట్టు" అనేవారు. తర్వాత బంతి అందించే రెండింటినీ, చివరన వేగంగా పరిగెత్తే మూడింటినీ తీసేసేవారు. నడుమ రెండు లోటాలు మిగిలేవి. వాటిని సెంటర్లు అంటారు. మీదికి వచ్చేవాళ్ళను ఆపేది వాళ్ళే, దారి తెరుచుకుని పోయేది కూడా వాళ్ళే. అవతలివాళ్ళు బంతితో మీదికి వస్తుంటే ఈ ఇద్దరూ ఒకే గీత మీద ముందుకు పోవాలి. ఒకరు తొందరపడి ముందుకు దూకితే పక్కన సందు పడుతుంది. ఆ సందులో నుంచి ఆట పోతుంది.

"ఒగర్ని ఎంచేది సులువమ్మా, ఇద్దర్ని ఎంచేదే కష్టం" అనేవారు.

జతలను చూడడం ఆయనకు అలవాటైపోయింది. బియ్యం మండీ ముందు ఇద్దరు మూట ఎత్తుతుంటే నిలబడి చూసేవారు. పెళ్ళికి పోతే పెళ్ళికొడుకును చూడరు, నాదస్వరం ఆయన, డోలు కొట్టే తవిలు ఆయన ఒకరి వైపు ఒకరు ఎప్పుడు చూసుకుంటారో కనిపెట్టేవారు. ఎదురింటి ముదలియారు మామ ఎగతాళి చేసేవాడు. "ఏం మాస్టరూ, పది పొరుత్తాలు చూసినావా ఆ మూటలోళ్ళకి?" అంటే, బావగారు, "పది ఎందుకు మామా, ఒగటి చాలు. ఒగడు కాలు ఎత్తితే ఇంగొగడికి తెలియల్ల. నీకూ అత్తకూ అది కూడా కుదర్లేదే" అన్నారు. జాతకాలు కుదరడాన్ని మా వైపు పొరుత్తం అంటాం. అత్త లోపల నుంచి అవునని గట్టిగా అన్నది.

మా దివ్యకు జత స్టెల్లా. కడంబత్తూరు నుంచి రైల్లో వచ్చేది. వాళ్ళ అమ్మ కంపెనీలో పని, వాళ్ళూ తెలుగువాళ్ళే. పిల్లలిద్దరూ ఆరో తరగతి నుంచి ఆ మధ్య చోట్లలో పక్కపక్కనే పెరిగారు. స్టెల్లా తక్కువ మాట్లాడేది, ఎదురుగా వచ్చినవాళ్ళను నిలబెట్టేసేది. మా దివ్య మెరుపు. బంతి చేతికి వస్తే పట్టుకునేవాళ్ళు లేరు. ఇద్దరూ జిల్లాకు ఆడారు, రాష్ట్రానికి ఆడారు. స్టెల్లా వాళ్ళమ్మ ఆదివారం చర్చిలో అడిగేది, నేను కృత్తిక నాడు తిరుత్తణి స్వామిని అడిగేదాన్ని. ఇద్దరం అడిగింది ఒకటే, ఇద్దరు పిల్లలూ కలిసి దేశానికి ఆడాలని.

మూడేళ్ళ కిందట దేశానికి ఆడే ఆడపిల్లల జట్టును ఎంచే ముగ్గురిలో బావగారిని ఒకరిగా వేశారు. ఇంకేముంది అనుకున్నాం. ఆ వారంలోనే నేను తిరుత్తణి కొండ మెట్లకు పసుపుకుంకుమ పెడతానని మొక్కుకున్నాను. ముందు ఒకరు మెట్టుకు పసుపు పూసుకుంటూ పోతే, వెనక ఒకరు కుంకుమ బొట్టు పెట్టుకుంటూ రావాలి. పసుపు తడిగా ఉన్నప్పుడే కుంకుమ నిలుస్తుంది. ఆరిపోతే రాలిపోతుంది.

ముందు దివ్య, వెనక నేను. బావగారు కర్పూరం సంచి, నీళ్ళ చెంబు పట్టుకుని వచ్చారు. దివ్య చెయ్యి వేగం. నాకు మోకాళ్ళ నొప్పి. కాసేపటికి అది చాలా పైకి పోయింది. ఎండ ఎక్కుతోంది. నేను చేరేసరికి పసుపు ఆరి పొడిపొడిగా ఉండేది. బావగారు నాకంటే రెండు మెట్లు ముందుకు పోయి, ఆరిన పసుపు మీద నీళ్ళు చిలకరించడం మొదలుపెట్టారు. దానివల్ల నా కుంకుమ నిలిచింది. సగం కొండ ఎక్కాక ఆయన ఆగి, నా వైపు తిరిగారు.

"అమ్మా, నీకు ముందరే చెప్పేస్తా. మన పాపను ఈసారి వద్దనబోతాండా."

నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పారు. పాప తమ్ముడి కూతురని కమిటీలో ముందే చెప్పారట. తక్కిన ఇద్దరూ, పరవాలేదు, వాళ్ళిద్దరూ జత కదా, ఇద్దరినీ తీసుకుందాం, నువ్వు మాట్లాడవద్దు అన్నారట. ఆయన ఊరికే కూర్చుంటే దివ్య పేరు వచ్చేస్తుంది.

"అయితే ఊరికే కూసోండి బావా" అన్నాను.

"కూసుంటే అదీ చెప్పినట్లేనమ్మా. పాప ముందుకు దూకతాది. దూకిన ప్రతిసారీ ఆ సందు స్టెల్లా మూస్తాంది. ఆ పిల్ల రెండు ఆటలు ఆడతాండాది, ఒగటి తనది, ఒగటి మన పాపది. మనూళ్ళో సరిపోయింది. బయటి దేశమోళ్ళ ముందర ఆ పిల్ల విరిగిపోతాది. పైగా మాట స్టెల్లాకే వస్తాది, ఎందుకంటే అవతలోళ్ళు తప్పించుకొని పోయేది ఆ పిల్ల చేతి కిందనే కదా."

స్టెల్లా పక్కన ఒడిశా పిల్లను నిలబెట్టబోతున్నానని చెప్పారు. దివ్య అంత వేగం లేదట ఆ పిల్లకు. కానీ పక్కదాని కోసం ఆగుతుందట.

నా వేలికి కుంకుమ ఉంది. ముందు మెట్టు మీద పసుపు ఉంది. ఏం చేయాలో తెలియక అడిగాను. "అయితే మిగతా మెట్లకు పెట్టల్లనా, వద్దా?"

"మొక్కు నాకు మొక్కినావా, సామికా?"

"సామికే."

"అయితే పెట్టు. ఆరిపోతాంది."

పెట్టాను. ఆయన నీళ్ళు చల్లుతూనే వచ్చారు. నేను ఆయన ముఖం చూడలేదు. పైన స్వామి ముందు నిలబడితే ఏమని అడగాలో తోచక, దణ్ణం మాత్రం పెట్టి వచ్చేశాను.

సెలక్షనులో ఆయన అన్నంతా చేశారు. ఆ రాత్రి మా ఆయన అన్నను ఒకే మాట అడిగారు. "వేరేవాళ్ళు అని ఉంటే నేను ఏమీ అనుకోను. నీ నోట్లో నుంచేనా రావల్ల ఆ మాట?" బావగారు, "నా కంటికే కదరా కనబడింది" అన్నారు. ఆ తర్వాత ఏడాదికి పైగా అన్నదమ్ముల మధ్య మాటల్లేవు. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. నేను కింద ఒకసారి, మేడ మీద ఒకసారి వడ్డించేదాన్ని.

స్టెల్లా వచ్చి మా గడప బయటే నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు. తాను జట్టుతో పోవాలా వద్దా అని దివ్యనే అడిగింది. దివ్య అప్పటికి రెండు రోజులుగా ఎవరితోనూ మాట్లాడలేదు. లేచి వచ్చి, "పోవే. ఆ ఒడిశా పిల్లకు తెలుగూ రాదు, తమిళమూ రాదు. కోపమొస్తే ఎట్ల తిడతావో నేర్చుకొని పో" అన్నది. ఇద్దరూ గడప మీద కూర్చుని ఏడ్చారు. నేను ఉప్మా చేశాను.

దివ్య పెద్దనాన్నతో మాట్లాడకపోయినా, పొద్దున గ్రౌండుకు మాత్రం మానలేదు. ఆయన కూడా సముదాయించలేదు. పక్కన రోజుకొక కొత్త పిల్లను నిలబెట్టేవారు, ఒకరోజు నెమ్మదిగా పరిగెత్తేదాన్ని, ఒకరోజు భయపడేదాన్ని. ఆ పిల్ల ఎక్కడుంటే దివ్య అక్కడుండాలి. అంతే పాఠం. దూకితే ఆయన చేతులు చరిచేవారు, అందరూ మళ్ళీ మొదటికి పోవాలి. చిన్నపిల్లలు విసుక్కునేవారు. "అక్కా, నీ వల్ల మాకు టిఫిన్ లేట్ అవతాంది" అని ఒకతె అన్నదని దివ్య ఇంటికొచ్చి చెప్పి నవ్వింది. చాలా నెలల తర్వాత అది నవ్వడం అప్పుడే చూశాను.

అన్నదమ్ములు మళ్ళీ మాట్లాడుకోవడానికి పెద్ద కారణం ఏమీ లేదు. బోరు మోటరు చెడిపోయి పైపులు పైకి లాగుతున్నారు. ఒకాయన ఇటు, ఒకాయన అటు. "పట్టుకో, వదలొద్దు" అన్నారు మా ఆయన. "నువ్వు ముందర లాగొద్దు, నాతో లాగు" అన్నారు బావగారు. మోటరు బయటికి వచ్చేసరికి ఇద్దరికీ బురద. ఆ రోజు మధ్యాహ్నం ఇద్దరికీ కిందనే వడ్డించాను.

పోయిన ఏడాది నుంచి బావగారికి గుండె బాగాలేదు. కమిటీలో కూడా లేరు. అయినా ఈసారి ఎంచేవాళ్ళు ఫోన్ చేశారు. స్టెల్లా పక్కన ఎవరైతే బాగుంటుందని అడిగారు. ఆయనకు ఓపిక లేక ఫోన్ నేనే చెవి దగ్గర పట్టుకున్నాను. ముందు ఒడిశా పిల్ల గురించి మంచిగా చెప్పారు. మోకాలికి దెబ్బ తగిలి ఉండకపోతే ఆమే అని కూడా అన్నారు. అవతల నుంచి, మీ తమ్ముడి కూతురు ఎలా ఉంది అని అడిగారు. ఆయన కొంచెం ఊపిరి పీల్చుకుని, "ఇప్పుడు ఆగతాది" అన్నారు. ఇంకేమీ చెప్పలేదు. వాళ్ళు వచ్చి రెండు రోజులు చూసి, తామే తేల్చుకుని దివ్యను తీసుకున్నారు. పేరు వచ్చిందని చెప్తే బావగారు తల ఊపి గంజి అడిగారు.

ఏకాదశి రోజు మా ఆయన ముందు స్టెల్లాకే ఫోన్ చేశారు. ఆమె పక్కన కూర్చుని దివ్యకు చెప్పింది. కాసేపటికి దివ్య ఫోన్ చేసింది. ఏడుపులో మాట సరిగా రావడం లేదు. "నాన్నా, వచ్చేసేదా?" అని మాత్రం అర్థమైంది. మా ఆయన గోడ వైపు తిరిగి నిలబడ్డారు. సెలక్షను రాత్రి అన్నను నిలదీసిన మనిషే.

"నువ్వొచ్చేస్తే స్టెల్లా పక్కన ఎవరమ్మా నిలబడేది? నువ్వు ఆడు. ఇక్కడ నేను ఉండా" అన్నారు.

కొరివి ఆయనే పెట్టారు.

మ్యాచ్ రోజుకు ఇంట్లో మైల తీరలేదు. దేవుడి దగ్గర దీపం లేదు. అలాంటి ఇంట్లో టీవీ పెట్టడం తప్పేమోనని నేను వెనకాడాను. కడంబత్తూరు నుంచి స్టెల్లా వాళ్ళమ్మ వచ్చింది, ముదలియారు మామ, అత్త వచ్చారు. మామే లేచి టీవీ పెట్టాడు. మన జట్టు మొదటి నుంచీ వెనకబడే ఉంది, చివరికి ఓడిపోయింది కూడా. అది వేరే సంగతి.

రెండో సగంలో అవతలి జట్టులో పొడుగాటి పిల్ల ఒకతె బంతి పట్టుకుని నేరుగా మధ్యలోకి వచ్చింది. మా దివ్య కాలు ముందుకు పడింది. ఆ కాలు అక్కడే ఆగింది. తల పక్కకు తిరిగింది. స్టెల్లా ఒక్క అంగలో దాని సరసకు వచ్చింది. అప్పుడు ఇద్దరూ కలిసి కదిలారు. ఆ పొడుగు పిల్ల అటు చూసి ఇటు చూసి, పోవడానికి దారి లేక బంతిని గీత బయటికి తన్నేసింది. టీవీలో ఆట గురించి మాట్లాడేవాళ్ళు దాని గురించి ఏమీ చెప్పలేదు, వేరే ఏదో చెప్పుకుంటూ పోయారు. మా ఇంట్లో మాత్రం ఎవరూ కదల్లేదు. తెర మీద ఇద్దరు పిల్లలూ ఒకరినొకరు చూసుకోను కూడా చూసుకోకుండా వెనక్కి నడిచి, మళ్ళీ మధ్యలో పక్కపక్కన నిలబడ్డారు.