పాత వంటింటి కొలత

మా బాపును వెనకేసుకు రావడం నా వల్ల కాదు, ముందే చెబుతున్నాను. కన్నతండ్రే, కాదనను. నాందేడ్ ఇత్వారా బజార్లో నూనెల రామదాస్ సేటు వస్తున్నాడంటే నలుగురూ లేచి నిలబడేవాళ్లు, అదీ కాదనను. కానీ ఈ ముచ్చట ఆయనది కాదు, మా చిన్నమ్మ పరమేశ్వరిది. మా బాపు తమ్ముడు దయానంద్‌కు ఆమె భార్య. హిమాయత్‌నగర్ నుంచి కోడలిగా వచ్చి ఏండ్ల తరబడి మా ఇంటి పొగ మింగింది. మింగిన పొగను ఊరికే పోనివ్వలేదు. అందుకే ఆమె అంటే నాకు ప్రాణం.

ఇత్వారాలో మాకు ముందు దుకాణం, వెనక సంసారం. వంటిల్లు మెట్ల కింద. ఒకటే తలుపు, కిటికీ అన్న మాటే లేదు, పట్టపగలు కూడా బల్బు వేసుకోవాలి. చిన్నమ్మ మంచి పొడగరి. మెట్ల వాలు ఆమె నెత్తికి తగిలేది. నిలబడి వండుకునే గట్టును మా దగ్గర ఓటా అంటారు. అది పొట్టిగా ఉండే మా నానమ్మ కోసం ఎప్పుడో కట్టించినది. పైన నెత్తి వంచాలి, కింద నడుం వంచాలి. అలా వంగే రెండు పూటలా ఇంటిల్లిపాదికీ, దుకాణం గుమాస్తాలకూ వండిపెట్టేది. మిరపకాయల పోపు వేసిందంటే ఆమె దగ్గు గల్లా దగ్గర కూర్చున్న బాపుకు వినిపించేది. వినిపించి ఏం లాభం? "తలుపు దగ్గరికెయ్యిండ్రి, గిరాకీకి ఘాటు అస్తంది" అనేవాడు.

అదీ ఆమెతో నేరుగా అనేవాడు కాదు. మా ఇళ్లల్లో తమ్ముడి భార్యతో బావగారు మాట్లాడకూడదు, ఆమె ఉన్న గదిలో అడుగు పెట్టకూడదు. ఆమె కూడా ఆయన ఎదుట నోరు విప్పకూడదు. మధ్యలో నేను. "సాయలీ, మీ చిన్నమ్మకు చెప్పు" అని ఆయన, "సాయలీ, మీ బాపుకు చెప్పు" అని ఆమె. ఒకరి మాట ఒకరికి గోడ అవతల నుంచి శుభ్రంగా వినబడుతూనే ఉంటుంది. అయినా నేను వెళ్లి మళ్లీ చెబితేనే చెప్పినట్టు. మా అమ్మ సుందరాబాయి పెద్దకోడలు కాబట్టి పూజ, చుట్టాలు ఆమె వంతు. పొయ్యి చిన్నమ్మ వంతు.

నేను నాలుగో తరగతిలో ఉండగా చిన్నమ్మ మొదటిసారి నోరు తెరిచి ఒకటి అడిగింది. "సాయలీ, మీ బాపుకు చెప్పు. గల్లీ దిక్కు గోడకు ఒక చిన్న కిటికి కొట్టిస్తే పొగ పోతది."

దుకాణంలోకి వెళ్లి చెప్పాను. గుమాస్తాలు, గిరాకీ, అందరూ ఉన్నారు. బాపు అందరికీ వినబడేలా అన్నాడు. "వంటింట్ల కిటికి ఎందుకంట? గల్లీల పోయే మొగోళ్లను చూస్తందుకా?"

గుమాస్తాలు కిసుక్కున నవ్వారు. చిన్నమ్మ మొగుడు, మా చిన్నబాపు అక్కడే డబ్బాలకు మూతలు బిగిస్తున్నాడు, తల ఎత్తలేదు. నోట్లో నాలుక లేని మనిషి. నేను లోపలికి పోయేసరికి చిన్నమ్మ చెయ్యి రొట్టె మీద ఆగిపోయి ఉంది. మళ్లీ చెప్పే అవసరం నాకు లేకపోయింది.

ఆ తర్వాతి ఏడు దసరాకు ఆమె అప్పాలు చేస్తోంది. కడాయి నిండా నూనె కాగుతుండగా కరెంటు పోయింది. ఆ చీకట్లో అటు తిరిగిన చిన్నమ్మ నెత్తి మెట్ల వాలుకు కొట్టుకుంది. తూలింది, చెయ్యి తగిలి కడాయి ఒరిగింది. మరిగే నూనె ఆమె ఎడమ పాదం మీద పడింది. ఆ కేకకు వాడకట్టంతా ఉలిక్కిపడింది. దుకాణంలోంచి బాపు గొంతు వినిపించింది.

"సాయలీ, నూనె ఎంత పోయింది అడుగు."

ఆ మాట నేను అడగలేదు. ఎట్లా అడుగుతాను? నాకు ఒళ్లు మండిపోయింది. అమ్మ ఏడుస్తూ పాదం మీద నీళ్లు పోస్తోంది. చిన్నమ్మ పళ్లు కరచుకుని నా చెయ్యి పట్టుకుంది. "ఇగ కిటికి ముచ్చట నా నోట్లకెల్లి రాదు, సాయలీ. మీ బాపు నోట్లకెల్లే రావాలె. నాకాడికే రావాలె. అప్పటిదాక నా కడుపు సల్లారదు" అంది.

నొప్పికి ఏదో అంటోందనుకున్నారు ఇంట్లో. నేను అనుకోలేదు. ఆ తర్వాత నడిచినప్పుడల్లా ఆ పాదాన్ని కొంచెం ఈడ్చేది. ఇక ఆ మాట మరిచిపోయే వీలు ఆమెకు ఎక్కడుంది?

తొంభై ఆరులో ఊరి అంచున సిడ్కో కాలనీ దిక్కు స్థలం తీసుకుని బాపు కొత్త ఇల్లు మొదలుపెట్టాడు. నేనప్పటికి కాలేజీకి వెళ్తున్నాను. నిజామాబాద్ నుంచి వచ్చి మా ఊళ్లో స్థిరపడ్డ ముత్తన్న మేస్త్రీకి పని అప్పజెప్పాడు. దుకాణంలో తన పరుపు గద్దె మీద బాపు కూర్చుని, వేలితో గాల్లో గీతలు గీస్తూ ఇల్లంతా చెప్పేశాడు. తూర్పు, దక్షిణం కలిసే మూలన పెద్ద అర్ర, దానికి రెండు కిటికీలు, పొద్దుటి ఎండలో తను కూర్చుని లెక్కలు చూసుకోవడానికి. "అది అగ్నిమూల గద సేట్" అని ముత్తన్న గొణిగితే, "ఇల్లు నీదా నాదా?" అని కసిరాడు.

"మరి వంటిల్లు?"

"ఎనుక ఏడనో మూలకు ఒక అర్ర వెయ్యి. పాతదాని కొలతే చాలు. ఇగ వంటింటి ముచ్చట్లు మాటమాటకు నన్నడుగకు, ఆడోళ్లనే అడుగు."

గోడ అవతల చిన్నమ్మ ఆ మాట విన్నది. ఆ సాయంత్రం చాలా రోజుల తర్వాత ఆమె మొహంలో కళ చూశాను.

మరునాడు మధ్యాహ్నం ముత్తన్న పాత వంటింటి కొలత తీసుకోవడానికి వచ్చాడు. చిన్నమ్మ కావాలనే మిరపకాయలు వేయించడం ఆపలేదు. టేపు ఒక కొస తనే పట్టుకుంది. కొలత పూర్తయ్యేలోగా ముత్తన్న కళ్లూ ముక్కూ కారుకుంటూ బయటపడ్డాడు.

"ఓయమ్మో! గిండ్ల మనిషెట్ల ఉంటది?"

"ఉంటది. నేను ఉంట లేనా?" అంది చిన్నమ్మ. "కొలత మంచిగ యాదికి పెట్టుకో ముత్తన్నా. ఒక్క జానెడు ఎక్కువ గావొద్దు, తక్కువ గావొద్దు."

గోడలు లేచాయి. పనివాళ్లకు చాయ్ తీసుకుని నేనూ చిన్నమ్మా వెళ్లేవాళ్లం. ఒకరోజు ఆమె ఆ పెద్ద అర్రలోకి వెళ్లి నడుమ నిలబడింది. రెండు కిటికీల నుంచి గాలి కొంగును ఎగరేస్తోంది. కాసేపు అట్లాగే ఉండి, ఇటుకలు తెచ్చి పేర్చడం మొదలుపెట్టింది. ఈ ఇటుకలు పొయ్యి, ఈ తట్ట నీళ్ల బిందె, ఆ సిమెంటు సంచి పిండి డబ్బా. ఇక ఉత్త చేతులతో వంట చేసింది చూడండి! బియ్యం కడిగినట్టు, పోపు వేసినట్టు, గంజి వార్చినట్టు. దూరం నడవాల్సి వచ్చినప్పుడల్లా ఆగి, తట్టనో సంచినో దగ్గరికి జరుపుకునేది. పనివాళ్లు నవ్వారు. "ఏం, మీ ఇండ్లల్ల గాలి బుక్కి బతుకుతున్నరా?" అని కసిరేసరికి నోళ్లు మూసుకున్నారు.

"ముత్తన్నా, ఓటా ఈడ పడాలె" అంది.

ముత్తన్న బిత్తరపోయాడు. "అమ్మా, ఇది సేటు కూసునే అర్ర!"

"ఎవలన్నరు? నాలుగు గోడలు లేస్తె అన్ని అర్రలే. ఓటా ఏడ పడితె అది వంటిల్లు."

"సేటు నన్ను తంతడు."

"వంటింటి ముచ్చట ఎవలను అడుగుమన్నడు?"

ముత్తన్నకు ఆ మిరపకాయల ఘాటు గుర్తొచ్చినట్టుంది, ముక్కు తుడుచుకున్నాడు. "ఆడోళ్లనే అడుగుమన్నడు" అని నవ్వాడు.

ఇక ఆమె చెప్పడం, అతను గీయడం. పిండి పిసుకుతున్నట్టు చేతులు చాపి ఆమె నిలబడితే, నడుం వంగకుండా ఉండే ఆ ఎత్తుకు గోడ మీద బొగ్గుతో గీత పెట్టాడు. కిటికీకి ఎదురుగా పొయ్యి పెడితే గాలికి మంట ఆరుతుందని పక్కకు జరిపించింది. నల్లా ఎడమ చేతి వైపు, గిన్నెలు తోమే మోరీ మూలకు. రోజూ వాడే డబ్బాలు చెయ్యి చాపితే అందేటట్టు, ఏడాదికి సరిపడా పప్పులూ పచ్చళ్లూ అటక మీద. ఆ అటక కూడా ఆమె నిలబడే చోట నెత్తి మీదికి రాకూడదు. ఆ మాట మాత్రం పదిసార్లు చెప్పింది. జొన్నరొట్టె ఆమెకు కూర్చుని కొట్టడమే అలవాటు. పాత వంటింట్లో ఆ జాగ లేక నిలబడి కొట్టేది. అందుకని తలుపు పక్కన నేలమీద ఒక నున్నని బండ వేయించుకుంది.

ఒక ఆదివారం బాపు పని చూడడానికి వచ్చాడు. పెద్ద అర్ర గోడలోంచి పొడుచుకొచ్చిన పైపు చూసి, "ఇదేంది నా అర్రల?" అన్నాడు. "మీదున్న ట్యాంకీకి పోతది సేట్" అన్నాడు ముత్తన్న. అబద్ధమేం కాదు, పైకి కూడా పోతుంది. తర్వాత వెనక అర్ర గుమ్మంలో నిలబడి లోపలికి చూశాడు. కిటికీ లేదు, వెలుతురు లేదు. జన్మలో పాత వంటింట్లోకి తొంగి చూసిన పాపాన పోలేదు, ఇక దాని కవలను ఎదురుగా పెడితే మాత్రం ఎట్లా గుర్తుపడతాడు?

"చాలు చాలు. ఆడోళ్లకు గింత చాలు" అన్నాడు.

కొంగు కప్పుకుని నా వెనకే నిలబడ్డ చిన్నమ్మ నా భుజం నొక్కింది. నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కున్నాను. దీపావళి గిరాకీలో పడి బాపు మళ్లీ అటు రాలేదు. ఆ సందు చూసుకుని నల్లటి కడప్పా బండ వచ్చి ఓటా మీద కూర్చుంది.

గృహప్రవేశానికి ఇత్వారా వ్యాపారులంతా వచ్చారు. పాలు పొంగించే వేళకు, వంటిల్లు ఎటు అని పూజ చేయించే జోశీ మహారాజ్ అడిగాడు. బాపు దర్జాగా వెనక అర్ర చూపించాడు. మహారాజ్ అటు వెళ్లి వెంటనే తిరిగొచ్చాడు. అందులో మేం పొద్దున్నే పరిచిపెట్టిన బాపు గద్దె, తెల్లటి దిండ్లు ఉన్నాయి మరి. ఈలోగా పెద్ద అర్రలోంచి చిన్నమ్మ గాజుల చప్పుడు వినిపించింది. పసుపు రాసిన ఓటా, పూలు చుట్టిన గ్యాసు పొయ్యి, దాని మీద పాలగిన్నె. మహారాజ్ మొహం విప్పారింది.

"వా శేట్‌జీ! అగ్దీ ఆగ్నేయ!" అని అరిచాడు. అగ్నిని సరిగ్గా అగ్నిమూలనే నిలబెట్టావు, ఇంత తెలివిగా ఇల్లు కట్టినవాణ్ణి నేను చూడలేదు అని అందరి ముందూ మెచ్చుకున్నాడు. ఒక వ్యాపారి బాపు చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "ఆడోళ్ల కోసం ఇంత పెద్ద అర్రా! నీ మనసే పెద్దది, రామదాస్!"

అప్పుడు చూడాలి బాపు మొహం! కాదంటే ఆడదాని చేతిలో మోసపోయానని అందరి ముందూ ఒప్పుకున్నట్టు. అవునంటే అర్ర పోయినట్టు. ఆయన తేల్చుకునేలోగా పాలు పొంగాయి. పాలు పొంగిన పొయ్యిని ఇక అక్కణ్ణుంచి కదపకూడదని మహారాజ్ మరీ మరీ చెప్పి వెళ్లాడు.

జనం పోయాక బాపు నిప్పులు కక్కుతూ వచ్చి గుమ్మం దగ్గర ఆగిపోయాడు. లోపల చిన్నమ్మ ఉంది. అడుగు పెట్టకూడదు, నేరుగా అడగకూడదు. పళ్లు నూరుతూ నా వైపు తిరిగాడు.

"సాయలీ, మీ చిన్నమ్మను అడుగు, ఇదేందని!"

అడిగాను.

"పాలు మంచిగ పొంగినయని చెప్పు" అంది.

చెప్పాను. మా అమ్మ బియ్యం చాట తీసుకుని కిటికీ కింద కూర్చుంది. గాలి మంచిగ వస్తోందని మాత్రం అంది, ఎవరితోనూ కాదు.

బాపుది మొండి పట్టు. ఆ వెనక అర్రలోనే కూర్చున్నాడు. చలికాలం ఎట్లాగో గడిచింది. ఎండాకాలం వచ్చింది. నాందేడ్ ఎండలు తెలిసినవే కదా. కరెంటు పోతే ఆ అర్రలో చెయ్యి కనబడదు, ఫ్యాను తిరగదు. చెమట కాగితాల మీద కారేది. ఇవతల చిన్నమ్మ రెండు కిటికీలూ బార్లా తీసి, కూనిరాగం తీస్తూ వండేది. ఆ రాగం ఆయనకు వినబడాలనే తీసేదని నాకు తెలుసు.

ఆ వెనక అర్రకు కిటికీ పెట్టే వీలున్న గోడ ఒకటే. దాని అవతల పెరడు. మేం తలలు ఆరబెట్టుకునేదీ బట్టలు ఉతుక్కునేదీ అక్కడే. ఆడవాళ్లు మసిలే చోటికి బావగారి కిటికీ తెరుచుకోవాలంటే మరదలు సరేననాలి. ఆ మర్యాదలన్నీ ఇన్నాళ్లూ బాపు నెత్తిన పెట్టుకున్నవే. మే నెలలో ఒక మిట్టమధ్యాహ్నం, బనీను తడిసి ఒంటికి అంటుకుపోయి, ఎర్రబడ్డ మొహంతో వంటింటి గుమ్మం పక్కకు వచ్చి నిలబడ్డాడు. గొంతు ఎంత తగ్గిందో!

"సాయలీ, మీ చిన్నమ్మను అడుగు. పెరటి గోడకు ఒక చిన్న కిటికి కొట్టిస్త. గాలి ఆడుతలేదు, పాణం పోతంది."

చిన్నమ్మ చేతిలో రొట్టె ఆగింది. ఇన్నేండ్లు ఎదురుచూసిన మాట. పాపమని ఒప్పుకుంటుందేమో అనుకున్నాను. ఆమె కొంగు సవరించుకుని, ఆనాడు గుమాస్తాల ముందు బాపు ఎంత గట్టిగా అన్నాడో అంత గట్టిగా అంది.

"కిటికి ఎందుకంటనో అడుగు, సాయలీ. పెరట్ల తిరిగే ఆడోళ్లను చూస్తందుకా?"

గోడ పక్కనున్న బాపుకు ప్రతి అక్షరం వినబడింది. అయినా నేను గుమ్మం దాటి వెళ్లాను. ఆయన కళ్లలోకి చూస్తూ, ఒక్క ముక్క మింగకుండా మళ్లీ చెప్పాను. మొహం మాడిపోయింది ఆయనకు. తల దించుకుని వెళ్లిపోయాడు.

మరునాడే గద్దె, దిండ్లు ఇత్వారా దుకాణానికి తరలిపోయాయి. ఖాళీ అయిన అర్రను చిన్నమ్మ కడిగించి, ఇంటి వాడకానికి దుకాణం నుంచి వచ్చే నూనె డబ్బాలన్నీ గోడ వెంబడి పేర్పించింది. తలుపు మూసి, కాలిన పాదం ఈడ్చుకుంటూ వచ్చి నన్ను పిలిచింది.

"మీ బాపుకు చెప్పు, సాయలీ. నూనె భద్రంగున్నది. ఒక్క చుక్క గూడ పోలేదని చెప్పు."

వెళ్లి చెప్పాను.