మడ్డి పోసిన గోబర్ గ్యాస్ గుంత

1982 మార్చిలో నన్ను చిత్తూరు జిల్లా గోబర్ గ్యాస్ పథకంలో సాంకేతిక సహాయకుడిగా వేశారు. చదివింది సూక్ష్మజీవశాస్త్రం. నా పైన అయిదుగురు అధికారులు, కింద ఒక సైకిలు.

మొదటి ఫిర్యాదు పాకాల దగ్గరి చెరకు రైతు మునిరత్నం నాయుడిది. పేడనీళ్ళ గుంత మీద ఇనుప డ్రమ్ము గ్యాసుతో నిండుగా తేలుతోంది. పొయ్యి దగ్గర మాత్రం అగ్గిపుల్ల ఆరిపోతోంది. పరీక్ష కాగితం ముంచితే గుంతలో ఆమ్లం ఎక్కువైందని తేలింది. పేడ కాక ఇంకేమైనా వేశారా అని అడిగాను.

“బెల్లం కాసేటప్పుడు పైకి తేలే మడ్డి, దినానికి రెండు కడవలు పోసినా సార్. గుంతలో గ్యాసు చేసే పురుగులకు బలమొస్తాదని.”

“కట్టుకున్నదానికి ఒక పొద్దన్నా బెల్లంముక్క పెట్టినాడేమో అడగండి సార్,” అంది ఆయన భార్య సరోజమ్మ, కట్టెల పొయ్యి ఊదుతూ. పొగకు ఆమె కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

నాయుడు గడువు పెట్టాడు. “నెలలోపల మండకపోతే డ్రమ్ము పీకి గానుగకాడ యేసుకుంటా.”

గుంతలో మూడు రకాల బ్యాక్టీరియా వరసగా పనిచేస్తాయి. మొదటివి తీపిని గబగబా ఆమ్లాలుగా మారుస్తాయి. రెండోవి ఆ ఆమ్లాలను విరిచి హైడ్రోజన్ వదులుతాయి. మూడోవి దాన్ని తిని, మండే మీథేన్ ఇస్తాయి. రెండోవాటి బతుకు కష్టం. గాలి లేనిచోట ఆమ్లం విరిస్తే దక్కే శక్తి అత్యల్పం. చెలమలో నీళ్ళు చిప్పతో తోడి కడవ నింపినట్టు, తమ కణపొర అవతలికి అయాన్లను కొంచెం కొంచెంగా నెట్టి ఆ శక్తిని కూడబెట్టుకుంటాయి. మూడోవి హైడ్రోజన్‌ను ఎప్పటికప్పుడు ఖాళీ చేస్తేనే అదైనా దక్కుతుంది. మడ్డితో మొదటివి పండగ చేసుకున్నాయి. ఆ పులుపుకు మూడోవి పడిపోయాయి. హైడ్రోజన్ పేరుకుని రెండోవి చేతులెత్తేశాయి. డ్రమ్మును లేపింది మండని బొగ్గుపులుసు వాయువు.

ఆ వాయువు వదిలించి, మడ్డి ఆపించాను. సున్నపు తేట కొద్దికొద్దిగా పోయించి, పక్క ఊళ్ళో బాగా మండుతున్న గుంత నుంచి నాలుగు కడవల పేడనీళ్ళు తెచ్చి కలిపించాను. ఆపైన ఏమీ చేయవద్దన్నాను.

“ఏమీ చెయ్యకుండా ఉండేదానికి గవర్మెంటు మనిషి కావాల్నా సార్?” అన్నాడు నాయుడు. ప్రశ్న న్యాయమైనదేనని ఒప్పుకుని సైకిలెక్కాను.

ఆయన ఆగాడు. ఆగేలా సరోజమ్మ మడ్డి కడవలు దాచేసిందని తర్వాత తెలిసింది.

పంతొమ్మిదో రోజు నేను వెళ్ళేసరికి సంగటికి ఎసరు కాగుతోంది, కింద నీలి మంట. “సూడండి సార్, ఊదే పనే లేదు,” అంది సరోజమ్మ. నాయుడు డ్రమ్ము మాటెత్తలేదు.

ఆ తర్వాత ఏ గుంత మూలపడినా మేత పెంచమని చెప్పలేదు. వరసలో చివరివాళ్ళ పని సాగుతోందా అని ముందు చూశాను. అంత తక్కువతో బతికే ఆ రెండో రకం జీవులను తొందరపెట్టలేం. వాటికి తోడు చెడకుండా చూసి పక్కకు తప్పుకోవడం కూడా ఉద్యోగంలో భాగమే.