ఏడుపాయన ప్లేటు

ఆ రోజుల్లో పెళ్లికి పురోహితుడు ఆలస్యమైనా సర్దుకునేవాళ్లు గానీ, మైకుసెట్టు మోగకపోతే మగపెళ్లివారు బండి దిగేవాళ్లు కాదు. కోవూరులో మా బావకు అలాంటి మైకుసెట్టొకటి ఉండేది. చదువబ్బని నన్ను దాని పక్కన కూర్చోబెట్టి పాటలు వేసే పని అప్పజెప్పినాడు. (నాకు సంగీతం తెలుసని అప్పటికి నాకొక్కడికే తెలుసు.)

పాత గ్రామఫోను ప్లేట్ల అడుగున నాకొకటి దొరికింది. ఎవరో పల్లె పాటగాడు ఒంటి తీగ తంబూర మీటుకుంటూ సొంతంగా కట్టి పాడుకున్న నాలుగు పాటలు. అమ్మేసిన ఎద్దు మీద ఒకటి, ఎండిపోయిన బావి మీద ఒకటి, చెప్పకుండా పోయిన తమ్ముడి మీద ఒకటి. నాలుగోది దేనిమీదో తెలీదు, ఊరికే బాధ. చరణం చివర ఆయన గొంతు జీరబోయి, ఇంక ఏడ్చేస్తాడనుకునేలోపు ఆగి ఊపిరి తీసుకుంటాడు. ఆ ఊపిరికే నేను పడిపోయినాను. ఎవరికి వినిపించినా రెండో చరణానికి లేచి పోయేవాళ్లు. బావ ఆయనకు ఏడుపాయన అని పేరు పెట్టి, ఇంకోసారి ఆ ప్లేటు మోగితే విరిచి పొయ్యిలో పెడతానన్నాడు. అన్నంత పనీ చేసే మనిషి. ఈలోపు ఒక్కరైనా దాన్ని చివరిదాకా విని బాగుందంటే చాలని నాకొకటే యావ.

సముద్రం ఒడ్డున ఒక పాలెంలో పెళ్లి. ఆ ఇంటి పెద్దల్లుడు విందుకు చేపల కోసం పొద్దున్నే నలుగురితో పడవేసుకుని పోయినాడు. అత్తకూ అతనికీ చాన్నాళ్లుగా మాటల్లేవట. బావ దోసెలు తినడానికి అటు పోగానే నేనిటు ఏడుపాయన్ను ఎక్కించినాను. సర్వి చెట్టుకు కట్టిన హారను సముద్రం వైపు తిరిగి ఉండింది. ఆ పాలెంలో ఎవరైనా పోతే ఒడ్డున ఏడుపుపాట ఎత్తుకుంటారనీ, అది చెవినబడితే నీళ్లమీదున్నవాళ్లు వల తీసేసి తిరిగి రావాల్సిందేననీ నాకెవరు చెప్పినారు?

బావి పాట మొదలయ్యేసరికి పడవ చేపల్లేకుండా వట్టిగా వచ్చేసింది. అత్తకు రెండు రోజులుగా జ్వరం. ఇంకెవరు పోయుంటారనుకున్నాడో ఏమో, అల్లుడు గుండెలు బాదుకుంటూ ఇసకలో కూలబడి, "నీతో మాట్లాడకుండానే నిన్ను పోగొట్టుకుంటినే అత్తా" అని ఒకటే ఏడుపు. ఆమె చేతిలో పసుపు గిన్నెతో అతని వెనకే నిలబడి ఉంది. ఎవరో అతని తల తిప్పి చూపించినారు. చూసినాడు, అయినా ఏడుపాగలేదు. పాట ఆగితే కదా.

బావ ఎంగిలిచేత్తోనే పరుగెత్తుకొచ్చి ప్లేటు మీద చెయ్యేసినాడు. నా ప్రాణం పోయిందనుకున్నాను.

"ఉండబ్బయా," అనింది అత్త. "అల్లుడింకా ఏడుస్తా ఉండాడు. పాట కానియ్యి."

ఆమే ప్లేటు తిరగేయించింది. తమ్ముడి పాటకు ఆడవాళ్లందరూ కొంగులతో కళ్లొత్తుకున్నారు. నాలుగోదానికి మగపెళ్లివారూ కూర్చుండిపోయినారు. చేపలు పట్టేవాళ్లింట పెళ్లిభోజనం వంకాయ పులుసుతో జరిగింది, అల్లుడికి అత్తే వడ్డించింది. "పాడినోడెవురో గానీ మనసున్నోడు," అని ఆమె అంటే బావ ప్లేటును పంచెతో తుడిచి అట్టలో పెట్టినాడు.

అంతమంది కూర్చుని ఆ పాటలు వినడం అదొక్కసారే. ఆ పాటగాడికి తెలిసుంటే ఎంత బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. తెలిసినా సంతోషించడులే, వలలో పడని చేపల మీద ఐదోది కడతాడు. పాలెమంతా ముక్కులు చీదుతుంటే నేను మాత్రం ఆ నాలుగూ నేనే కట్టినట్టు మీసం దువ్వుకుంటూ కూర్చున్నాను. దువ్వుకునేంత మీసం కూడా లేదు, పాపం.