రొజాలియా అందించిన మాట

హంగేరీలోని మా కొలోజ్వార్ ఊరి నాటకశాలలో రొజాలియా గొంతు నటులకు తప్ప ఎవరికీ తెలియదు. వేదిక అంచున గూట్లో కూర్చుని, పుస్తకంలోంచి మాటలు గుసగుసగా అందించడం ఆమె పని. నేను దుస్తుల గది మనిషిని, చూస్తూనే ఉండేదాన్ని. ఆమె లేకపోతే ఎంతటి మొనగాడైనా వేదిక మీద నీళ్ళు నమలాల్సిందే. అదే వేదిక మీద నటించే ఆమె కూతురు పిరోష్క మాత్రం ఏనాడూ మాట మర్చిపోలేదు. తల్లికి అదే గర్వం. అయితే చూపంతా పుస్తకం మీదే కాబట్టి, ఆ పిల్ల నటన ఆమె ఎప్పుడూ చూడలేదు.

ఆ చలికాలం మా నాటకాన్ని సినిమాగా తీశారు. మూగ సినిమాకి మాటలు అందించడమేమిటి అంటారా? ఆమె గుసగుస వినబడకపోతే మావాళ్ళకి కాలూ చెయ్యీ ఆడదు మరి! కెమెరా పక్కన పెట్టె మీద కూర్చోబెట్టారు.

వెలుగు కావాలని నాటకశాల పెరట్లోనే తీశారు. ఇంట్లోంచి గెంటేసిన కూతురు మంచులో తల్లి గుమ్మం ముందు ప్రాణం విడిచే ఘట్టం. పిరోష్కకి అప్పటికే దగ్గు. నేను శాలువా తీసుకెళ్తే దర్శకుడు కసిరాడు.

"తప్పుకోవమ్మా! నిజం మంచు పడుతోంది, మన అదృష్టం!"

అదృష్టమట, వాడి మొహం!

"అమ్మా, తలుపు తియ్యి" అనాలి పిరోష్క. "అమ్మా, చలేస్తోందే" అంది.

పిల్ల మాట మర్చిపోయిందనుకుంది రొజాలియా. తల ఎత్తకుండానే అందించింది. "తలుపు తియ్యి."

"చలేస్తోందమ్మా..."

"తలుపు తియ్యి అనవే!"

పిరోష్క బుద్ధిగా ఆ మాటే అంది. దర్శకుడు చప్పట్లు కొట్టాడు. ఆ సాయంత్రమే జ్వరం కాసింది. ఊపిరితిత్తులకు నెమ్ము చేరింది. సినిమా హాలుకి రాకముందే పిల్ల మాకు దక్కకుండా పోయింది.

"వద్దే రొజాలియా, తట్టుకోలేవు" అన్నాను, సినిమా వచ్చిన రోజు మధ్యాహ్నం ఆటకి ఆమె బయల్దేరుతుంటే.

"నా పిల్ల ఎలా చేస్తుందో నేనెప్పుడు చూశానే?" అంది. నేనూ వెంట వెళ్ళాను.

తెర మీద పిరోష్క మంచులో పడింది. పెదవులు కదిలాయి. ఏమందో హాలు మొత్తంలో మా ఇద్దరికే తెలుసు. రొజాలియా ముందుకు వంగింది.

"లోపలికి రా తల్లీ" అని అందించింది.

"ఇది మూగ సినిమా ముసలమ్మా, అందించక్కర్లేదు!" అని వెనకెవడో నవ్వాడు.

"నోర్ముయ్‌రా!" అన్నాను. నాకు ఏడుపు ఆగడం లేదు.

"లోపలికి రావే, నా బంగారూ" అని మళ్ళీ అందించింది రొజాలియా.

తెర మీద పిరోష్క, ఆనాడు తల్లి అందించిన మాటే బుద్ధిగా అంది.