రోన్ నదికి నవంబరు వరద

నెల్లూరు దగ్గర పెన్న ఒడ్డున పెరిగినవాడికి నదుల గురించి ఎవరూ చెప్పక్కర్లేదని చాలాకాలం అనుకున్నాను. ఎండాకాలంలో నది మధ్య ఇసుకలో కూర్చుని, అక్కడే కాసిన పుచ్చకాయ తిన్నవాణ్ణి. ఆ ధీమాతోనే సింగపూర్‌లో నా కూతురు శ్రద్ధగా చేసుకున్న పనిని పాడుచేశాను.

ఐటీ మంచి ఊపు మీదున్న రోజులవి. సైన్స్ పార్క్‌లో కూర్చుని, ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం నా ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా ఆ డ్యూటీ దిగేవాణ్ణి కాదు. పులుసులో ఉప్పు, అల్మరాలో చొక్కాల వరస, దేన్నీ వదిలేవాణ్ణి కాదు.

ఒక ఆదివారం చోవా చూ కాంగ్‌లోని మా ఫ్లాట్‌లో, సెకండరీ వన్, అంటే మన ఏడో తరగతి, చదువుతున్న అమ్మాయి భోజనాల బల్ల నిండా చార్టు పరిచింది. ఆల్ప్స్ కొండల్లో పుట్టే రోన్ నది మీద జాగ్రఫీ ప్రాజెక్టు. మర్నాడు క్లాసు ముందు నిలబడి వివరించాలి. నదిని హిమానీనదం దగ్గర మొదలుపెట్టి, లోయ వెంట దింపి, జెనీవా సరస్సులో కలిపింది. పక్కన ఏ నెలలో ఎంత నీరో గ్రాఫు గీసింది. గీత జులైలో నిటారుగా లేచి, చలికాలానికి నేలకు దిగింది.

నాకు నవ్వొచ్చింది. "ఏంటే ఇది? ఎండాకాలంలో వరదా?"

"స్నో మెల్ట్ అవుతుంది నాన్నా. సమ్మర్‌లోనే వాటర్ ఎక్కువ. టీచర్ చెప్పింది లా," అంది, మాట చివర సింగపూర్ యాస తగిలించి.

"మీ టీచర్ ఎప్పుడైనా నదిలో నడిచిందా? నేను మే నెలలో సైకిల్ తోసుకుంటూ పెన్న దాటాను."

"అది పెన్న. ఇది రోన్."

"ఏదైనా నదే కదా!"

"దాని పని దాన్ని చేసుకోనివ్వండి," అంది నా భార్య వంటింట్లోంచి.

మా ముగ్గురిలో ఫ్రీజర్‌లో తప్ప మంచు చూసినవాళ్లు లేరు. కాకపోతే పిల్ల పాఠం చదివింది, నేను అదీ చదవలేదు. కంప్యూటర్ ముందు కూర్చుని, మా పెన్నలాగే వేసవిలో ఎండి నవంబరు వానలకి పొంగే గ్రాఫు తయారుచేశాను. కొత్తగా కొన్న కలర్ ప్రింటర్ మీద తీసి, దాని గ్రాఫు మీద అంటించాను. పిల్ల చార్టు చుట్టి స్కూలు సంచి పక్కన పెట్టుకుంది. ఒప్పుకుందనుకున్నాను.

సోమవారం నేను ఇంటికొచ్చేసరికి పిల్ల గదిలోంచి బయటికి రాలేదు. ఏం జరిగిందో నా భార్య చెప్పింది. జులై నీళ్లన్నీ ఎక్కడికి పోయాయని టీచర్ అడిగిందట. క్లాసంతా నవ్విందట.

గది గుమ్మం దగ్గర నిలబడ్డాను. "నాన్న చేశాడని చెప్పాల్సింది కదే?"

"నేనే రాంగ్‌గా వేశానని చెప్పాను."

"ఎందుకు?"

"లేకపోతే నిన్ను చూసి కూడా నవ్వుతారు కదా."

ఆ రాత్రి పులుసులో ఉప్పు సరిపోయిందో లేదో కూడా తెలియలేదు.

మర్నాడు సెలవు పెట్టి స్కూలుకి వెళ్లి, గ్రాఫు నాదేనని టీచర్‌కి చెప్పాను. ఆవిడ నవ్వు ఆపుకుంటూ, "అయితే కరెక్షన్స్ మీరే చెయ్యాలి. ఇక్కడ తప్పు ఎవరిదైతే వాళ్లే మళ్లీ రాస్తారు," అంది. పిల్లకి శుక్రవారం ఇంకో అవకాశం ఇచ్చింది.

సాయంత్రం నేను గ్రాఫు గీస్తుంటే అమ్మాయి ఎదురుగా కూర్చుని పాఠం అప్పజెప్పించుకుంది.

"జులైలో ఎందుకు ఎక్కువ?"

"చలికాలంలో పడ్డ మంచు పైనే ఉండిపోతుంది. వేసవిలో అదీ, హిమానీనదమూ కరుగుతాయి."

"మరి నవంబర్‌లో ఫ్లడ్ ఎవరు తెచ్చారు?"

"నేనే. తప్పయిపోయిందమ్మా."

వంటింట్లో నా భార్య పకపకా నవ్వింది. పిల్ల మాత్రం నవ్వలేదు, గీత ఇంకా పైకి వేయమంది.

శుక్రవారం బాగానే చెప్పిందట. ఆ తర్వాత చాలా వారాలు హోంవర్క్ వాళ్లమ్మకే చూపించేది. ఒకరోజు బల్ల మీద అగ్నిపర్వతం బొమ్మ వేస్తుంటే, ఉండబట్టలేక దగ్గరికి వెళ్లాను.

"చూడొచ్చా?"

"చూడు. కానీ చేతులు వెనక్కి పెట్టుకో."

"తప్పు కనిపిస్తే?"

"ఫస్ట్ నన్ను అడుగు."

చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.