సంపూర్ణమ్మ కట్టిన పురి

బాలశౌరి కట్టిన పురిలో ధాన్యం తడిసిందన్న మాట కంకిపాడు చుట్టుపక్కల ఎవరూ విని ఎరగరు. ఆ సంగతి ఇంకొకరు చెప్పేదాకా ఆయన ఆగేవాడు కాదనుకోండి, అది వేరే విషయం. వరిగడ్డిని మెలిపెట్టి లావుపాటి తాడు పేనడం, ఆ వెంటిని గుండ్రంగా చుట్టుకుంటూ, మధ్యలో ధాన్యం పోయించుకుంటూ మనిషెత్తు గాదెలా పురిని లేపడం ఆయనకు తాత నేర్పిన విద్య. గుణదల తిరునాళ్ల లోపు రైతుల ఇళ్ల ముందు పురులన్నీ లేచి తీరాల్సిందే.

ఆయనకు ఒక్కతే కూతురు, సంపూర్ణమ్మ. వెంటి పేనడంలో తండ్రికి ఏమాత్రం తీసిపోదు. చిన్నప్పుడు, "దీన్ని పురి అని ఎందుకంటారు నాన్నా?" అని అడిగింది.

"పురి అంటే మెలికే అమ్మాయ్. పురికొసలో ఉన్న పురీ ఇదే. ధాన్యాన్ని ఆపేది గడ్డి కాదు, మెలిక" అన్నాడు బాలశౌరి.

పేనడం వరకే ఆడవాళ్లది. లోపల నిలబడి చుట్టడం మగవాళ్ల పని. అలాగని ఎవరు పెట్టారని అడిగితే మాత్రం ఆయనకు ఎక్కడలేని దగ్గూ వచ్చేది.

పంతొమ్మిది వందల డెబ్బై నాలుగులో ఆయన మోకాళ్లు మొరాయించాయి. "పోనీలే శౌరీ, ఈ ఏడు గోతాలకెత్తిస్తా" అన్నాడు రైతు బసవపున్నయ్య. ఒకసారి గోతాలు అలవాటైతే మళ్లీ పురి కోసం పిలిచేదెవరు? అనుకుంది సంపూర్ణమ్మ.

"నేను కడతానండీ" అంది.

బసవపున్నయ్య ఆమె తండ్రి వంక చూశాడు. బాలశౌరి నేల చూపులు చూశాడు. వద్దనలేదు, అదే పదివేలు.

ఏ చేను ధాన్యానికి ఆ చేను గడ్డే వాడాలన్నది ఆ ఇంటి ఆనవాయితీ. సంపూర్ణమ్మ దాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. ఆ ఏడు బసవపున్నయ్య వేసింది కొత్తరకం పొట్టి వరి. పంట విరగకాసింది కానీ గడ్డి మూరెడు లేదు. పురి నడుమెత్తు లేచేసరికి వెంటి మెలిక వీడి, ఒక పక్క పొట్ట ఉబ్బి, ధాన్యం బొటబొటా కారింది. ధాన్యం మోస్తున్న కూలీలు పకపకా నవ్వారు.

"ఆడమనిషిని పురెక్కిస్తే ఇంతే మరి" అన్నాడొకడు. బసవపున్నయ్య గోతాలకు బండి కట్టమన్నాడు.

సంపూర్ణమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. అంతకంటే ముందు కోపం వచ్చింది.

"పొద్దుగూకేదాకా ఆగండి" అని రైతుకు చెప్పి, తండ్రి మంచం దగ్గరికి వెళ్లింది. "మెలిక నిలవని గడ్డితో పురేంటి నాన్నా? రావమ్మత్త వాములో పాతరకం అక్కుళ్ల వరి గడ్డి నిలువెత్తుంది. అది తెచ్చుకుంటా."

"పరాయి చేను గడ్డా? మా తాత..."

"మీ తాత ఈ పొట్టి వరి చూశాడా?"

బాలశౌరికి ఈసారి దగ్గు కూడా రాలేదు.

ధాన్యం పక్కకు తోడించి, సంపూర్ణమ్మ అడుగునుంచి మళ్లీ మొదలుపెట్టింది. పొడుగు గడ్డి చేతిలో పాములా తిరిగింది. సాయంత్రానికి పురి నిండి, పైన గడ్డి కప్పు కూడా పడింది. బాలశౌరి కర్ర ఊతంతో అక్కడికి వచ్చి, దాని చుట్టూ తిరుగుతూ అడుగడుగునా అరచేత్తో నొక్కి చూశాడు. ఎక్కడా వేలు దిగలేదు.

పురి లేచాక, కట్టినవాడికి చేటెడు ధాన్యం ఇవ్వడం మామూలు. బసవపున్నయ్య చేట నింపుకొచ్చి, అలవాటు కొద్దీ బాలశౌరి ముందు పట్టాడు.

బాలశౌరి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నాకెందుకండీ? కట్టిన మనిషి అదిగో, అక్కడుంది" అన్నాడు.