ఫస్టు గేరులో అలియాబాద్ దాకా

ఆ రోజుల్లో నాకు జరిగిన సంగతులన్నీ నోటిమీదే ఉండేవి. ఎవరైనా కూర్చుని వింటే చెప్పేదాన్ని, లేకపోతే గిన్నెలు తోముకుంటూ నాలో నేనే చెప్పుకునేదాన్ని. రాసి పెట్టుకుందామంటే అక్షరం రాదు. మా నాన్నకు లాల్‌దర్వాజాలో నాలుగు బర్రెలుండేవి. తమ్ముళ్లు పలకలు పట్టుకుని బడికి పోయే వేళకు నేను పాలచెంబు పట్టుకుని గల్లీలు తిరిగేదాన్ని. (ఏ తలుపు వెనక ఎన్ని పాలు పొయ్యాలో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. ఆ తలుపుల మీద రాసిన పేర్లు మాత్రం ముగ్గుల్లాగే కనిపించేవి.) ఈమధ్య, యాభై దాటాక, మా బస్తీలో సాయంత్రాలు ఆడవాళ్లకు చదువు చెప్పే టీచరమ్మ దగ్గర కూర్చుని రాయడం నేర్చుకున్నాను. ఏం రాయమంటారు అని అడిగితే, నిన్ను తలుచుకుంటే నీకే నవ్వొచ్చే సంగతి ఏదైనా రాయి అన్నారు. అలాంటివి నా దగ్గర చాలానే ఉన్నాయి గానీ, అన్నిటికంటే ముందు మా ఆటోకు గ్యాస్ పెట్టించిన సంగతి రాస్తాను.

అప్పటికి నాకు ముప్పై నిండలేదు. మా ఆయనకు సొంత ఆటో ఉండేది. పొద్దున పిల్లల్ని బడికి దింపడం, బడి విడిచాక ఇళ్లకు చేర్చడం, మధ్యలో దొరికిన సవారీలు. పెట్రోలు ధర పెరిగినప్పుడల్లా ఆయన అన్నం తినడం తగ్గేది. చివరికి ఒకరోజు, బండి అమ్మేసి జల్‌పల్లిలో ఒక సేటు దగ్గర కారు డ్రైవరుగా చేరిపోతానన్నాడు. సొంత తాళంచెవి ఒకరి చేతిలో పెట్టి, వాళ్ల గేటు దగ్గర స్టూలు మీద కూర్చునే బతుకు నాకు నచ్చలేదు. మా గల్లీలో అప్పుడప్పుడే ఒకరిద్దరు ఆటోలకు గ్యాస్ కిట్టు పెట్టించుకుంటున్నారు. మనమూ పెట్టిద్దామన్నాను. సీటు కింద సిలిండర్ పెట్టుకుని తిరగడమంటే మండే పొయ్యి మీద కూర్చోవడమేనని ఆయన వాదన. రోజూ గ్యాస్ పొయ్యి పక్కన కూర్చునే నేనేమైపోయానని నా వాదన. ఆ వాదన ఎన్ని పూటలు నడిచిందో గానీ, వంట మాత్రం నేనే చేసేదాన్ని కాబట్టి గెలవడం పెద్ద కష్టం కాలేదు.

మెకానిక్కు కిట్టు బిగించి ఇచ్చిన రోజున బండికి పూజ చేశాం. మా ఆయన కొబ్బరికాయ కొట్టాడు, నిమ్మకాయలు చక్రాల కింద పెట్టాడు. కర్పూరం మాత్రం గల్లీ అవతలి గోడ దగ్గర వెలిగించి, అక్కడి నుంచే బండికి హారతి చూపించాడు. మెకానిక్కు అది చూసి పక్కకు తిరిగి చాలాసేపు దగ్గాడు. పూజ అయ్యాక మా ఆయన నాతో ఒకే మాట అన్నాడు. "చూడు, గ్యాస్ బంకు కాడ లైన్లు మస్తుంటయంట. గా లైన్ల ఇరుక్కొని ఒక్కనాడన్న బడిపిల్లల ట్రిప్పు తప్పిందనుకో, కిట్టు పీకిపిచ్చి బండి అమ్మేస్త. మల్ల లొల్లి పెట్టద్దు." నేను ఒప్పుకున్నాను. లైన్లో నేను కూర్చుంటానని కూడా చెప్పాను.

అలా నా కొలువు మొదలైంది. పిల్లల్ని దింపాక ఆయన చాంద్రాయణగుట్ట అవతలి బంకు దగ్గర బండిని లైన్లో పెట్టి, నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టి, షేర్ ఆటోలో ఇంటికి పోయి ఒక కునుకు తీసేవాడు. మా వంతు వచ్చే వేళకు తిరిగొచ్చేవాడు. ఆ బంకుకు గ్యాస్ లారీలో వచ్చేది. లారీ వచ్చిన కొత్తలో ప్రెషర్ బాగుండేది, తర్వాత సన్నగిల్లేది, లైను నత్తలా సాగేది. ముందు బండి కదిలితే మన బండిని నెట్టు, ఇంకేమీ ముట్టుకోకు అని ఆయన ఆజ్ఞ. అంత పొడుగు లైన్లో ఆడమనిషిని నేనొక్కదాన్నే. ఊరికే కూర్చోవడం చేతకాక మెంతికూర తెచ్చుకుని తుంపుకునేదాన్ని. ముందు బండి కదలగానే ఒడిలో కూర పక్కన పెట్టి, దిగి, కొంగు నడుముకు చుట్టి, ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని భుజంతో నెట్టేదాన్ని. మళ్లీ ఎక్కి నాలుగు కాడలు తుంపేలోపు మళ్లీ కదిలేది.

ఒకరోజు నేల కాస్త ఏటవాలుగా ఉన్నచోట నేను నెడితే బండి ముందుకు పోలేదు సరికదా, నన్ను కూడా తీసుకుని వెనక్కి వచ్చింది. వెనక ఆటో బంపరుకు ఆనుకుని ఆగింది. మెంతికూర రోడ్డంతా పరుచుకుంది. వెనక ఆటోలోంచి తెల్లగడ్డం చాచా దిగాడు. తిడతాడనుకున్నాను. ఆయన వంగి మెంతికూర ఏరుతూ, "బేటీ, ఎన్ని దినాలు నూకుతవ్? దీనికి ఇంజన్ ఉన్నది కదా. బైఠ్ జా," అని ముందు సీటు చూపించాడు. క్లచ్ ఇది, గేరు ఇది, కాలికింద బ్రేకు ఇది, లైనుకు ఇంతకంటే అక్కర్లేదన్నాడు. మొదటిసారి మా ఆటో మేకపిల్లలా ఒక్క ఎగురు ఎగిరి ఆగిపోయింది. మర్నాడు రెండు ఎగుర్లు ఎగిరింది. తర్వాత మెల్లమెల్లగా ఎగరడం మానేసి నడవడం నేర్చుకుంది. లైన్లో ఉన్న డ్రైవర్లందరూ నాకు గురువులైపోయారు. ఒకరు క్లచ్ మెల్లగా వదలమంటే ఇంకొకరు ధైర్యంగా వదలమనేవారు. హారన్ కొట్టడం మాత్రం ఎవరూ నేర్పలేదు, అది నాకు నేనే వచ్చేసింది. ఇంట్లో మాత్రం చెప్పలేదు. (చెబితే వద్దంటాడు. వద్దన్న పని చేస్తే నేను మొండిదాన్నవుతాను. చెప్పకపోతే ఆ బాధే లేదు.)

అలా నేర్చిన విద్య ఎంత అని అడిగితే, ఫస్టు గేరులో నాలుగు బండ్ల పొడవు, అదీ తిన్నగా. ముందు బండి కదిలితే కదలాలి, ఆగితే ఆగాలి. మలుపు తిప్పడం నేనెప్పుడూ చేసి చూడలేదు. లైనుకు మలుపు లేదు మరి.

ఇక అసలు రోజు. శనివారం, ఒంటిపూట బడి. ఆయన బండి పెట్టి, నన్ను కూర్చోబెట్టి, మామూలుగానే ఇంటికి పోయాడు. పోయిన కాసేపటికే గ్యాస్ లారీ వచ్చింది. ప్రెషర్ ఎంత బాగుందంటే, ముందున్న బండ్లు ఒకదాని వెంట ఒకటి నింపుకుని పరిగెత్తుతున్నాయి. నేను ఒక్క కాడ కూడా తుంపలేదు. మా ముందు మూడు బండ్లు మిగిలినప్పుడు వెనక బండిలో ఉన్న చాచాను మా ఆయనకు ఫోన్ చెయ్యమన్నాను. మోగింది, తియ్యలేదు. రెండు బండ్లు మిగిలినప్పుడు మళ్లీ మోగింది, తియ్యలేదు. ఆయన నిద్ర సంగతి నాకు తెలుసు. ఫోను చార్జింగు కోసం వంటగదిలో పెట్టి ముందుగదిలో పడుకుంటాడు. మా వంతు వచ్చేసింది. నేనే పైపు దగ్గరికి తీసుకుపోయి ఆపాను. గ్యాస్ కొట్టే అతను బండి చుట్టూ చూసి, డ్రైవర్ ఎక్కడ పోయిండని అడిగాడు.

"నేనే," అన్నాను.

ఆ మాట నా నోట్లోంచే వచ్చిందా అని నేనే ఒకసారి వెనక్కి చూశాను. అతను చాచా వైపు చూశాడు. చాచా పెళ్లి సంబంధం ఖాయం చేసినంత గంభీరంగా తలూపాడు. గ్యాస్ నిండింది. వెనక హారన్లు మొదలయ్యాయి. బండి పక్కన పెట్టి ఆయన వచ్చేదాకా ఆగమన్నాడు చాచా. ఆగొచ్చు. కానీ బడి గంట ఆగదు. పిల్లలు గేటు దగ్గర ఎండలో నిలబడతారు, ట్రిప్పు తప్పుతుంది, కిట్టు ఊడుతుంది, మా బండి ఎవరి గల్లీలోనో నిలబడి ఉంటుంది. అలియాబాద్ బడి దాకా ఉన్నది ఒకటే రోడ్డు అని మనసులో చూసుకున్నాను. "పోత, చాచా," అన్నాను. ఆయన గడ్డం నిమురుకుని, "పో. సీదా సడక్ పట్టుకో, గల్లీల దూరకు. నేను మీ ఆయనకు ఫోన్ కొడుతనే ఉంట," అన్నాడు. (లైసెన్సు అనేదొకటి ఉంటుందని ఆ క్షణంలో నాకు గుర్తే లేదు. ఇప్పుడు తలుచుకుంటే భయమేస్తుంది. చదివేవాళ్లు ఎవరూ ఇలా చెయ్యకండి.)

బంకులోంచి రోడ్డెక్కడానికి ఎడమకు తిప్పాలి. లైను లైనంతా దారి చెబుతుంటే ఆ హ్యాండిలును ఎటు తిప్పానో నాకు తెలియదు గానీ, కళ్లు తెరిచి చూసేసరికి రోడ్డు మీదున్నాను. ముందు ఒక ఆటో పోతోంది. ప్రాణం లేచొచ్చింది. నాకు వచ్చిన విద్య అదే కదా. దాని వెనక చేరిపోయాను. అది కదిలితే కదిలాను. సవారీని దించడానికి అది ఆగితే నేనూ ఆగాను. ఒకచోట ఆ డ్రైవరన్న దిగి తోపుడుబండి దగ్గర సమోసాలు కొనుక్కుంటే నేను ఇంజన్ ఆపకుండా వెనకే కూర్చుని ఎదురుచూశాను. మళ్లీ బయల్దేరాడు, మళ్లీ బయల్దేరాను. ఇలా రెండుసార్లు ఆగాక అతను చేతిలో సగం సమోసాతో నా దగ్గరికి నడిచి వచ్చాడు.

"ఏందమ్మా, ఎటువోతే అటు నా ఎనకనే వడ్డవ్. నీకేం జేసిన నేను?"

దాచి లాభం లేదనుకున్నాను. "అన్నా, ముందట బండి ఉంటేనే నాకు నడపొస్తది. జర అలియాబాద్ బడి దాకా నా ముందట ఉండవా?"

అతను సమోసా నమలడం ఆపాడు. ఎవరు నేర్పించిండ్రు నీకు అని అడిగాడు. గ్యాస్ లైన్ల నేర్చుకున్న అన్నాను. ఇంకెవరైనా అయితే పిచ్చిదనుకునేవారు. అతని ఆటోకు కూడా గ్యాసే. మొత్తం సంగతి అతనికి అక్కడికక్కడే అర్థమైపోయింది. మిగిలిన సమోసా నోట్లో వేసుకుని, చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని, "సరే రా. నేను బ్రేక్ కొట్టిన్నంటే నువ్వు గూడ కొట్టాలె, మర్చిపోకు," అని చెప్పి పోయి తన ఆటోలో కూర్చున్నాడు. ఆ తర్వాత దారిలో ఎన్ని సవారీలు చెయ్యెత్తినా అతను ఆగలేదు.

అలా పోయింది మా ఊరేగింపు. ముందు సమోసా అన్న, వెనక ఫస్టు గేరులో కేకలు పెడుతున్న ఇంజనుతో నేను, నా వెనక దారి దొరకని బండ్లన్నీ. ఫలక్‌నుమా బ్రిడ్జి ఎక్కుతుంటే తోపుడుబండిలో అరటిపండ్లు తోసుకుపోయే ముసలాయన మమ్మల్ని దాటిపోయాడు. బ్రిడ్జి దిగుతుండగా ఎదురుగా, మా ఇంటి ఓనరు దగ్గర తీసుకున్న సైకిలు మీద, లుంగీ ఎగ్గట్టి, జుట్టంతా లేచి ఉన్న మనిషి ఒకడు ఊపిరాడకుండా తొక్కుకుంటూ వస్తున్నాడు. చాచా ఫోను ఎట్టకేలకు పనిచేసిందన్నమాట. మా ఆయన సమోసా అన్నను చూడలేదు. మా ఆటోను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. సైకిలు తనంతట తానే కొంతదూరం పోయింది. తిప్పుకుని తొక్కుతూ నా పక్కకు వచ్చాడు. నడక కంటే కాస్త ఎక్కువ వేగంతో ఇద్దరం పక్కపక్కనే పోతున్నాం.

"ఆపు," అన్నాడు ఆయాసంతో.

"ముందట బండి ఆగలే," అన్నాను, కళ్లు దాని మీంచి తియ్యకుండా.

ఆయన మా వెనక చేరి అలాగే తొక్కుకుంటూ వచ్చాడు. బడి గేటు ముందు సమోసా అన్న బ్రేకు కొట్టాడు, నేనూ కొట్టాను. బండి కాస్త వంకరగా నిలబడిందిగానీ నిలబడింది. నేను దిగే ముందే బడిగంట మోగింది. పిల్లలు ఎప్పటిలాగే తోసుకుంటూ వచ్చి ఎక్కి కూర్చున్నారు. మా ఆయన సైకిలును నా చేతికిచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. సమోసా అన్నకు దండం పెడదామని తిరిగేసరికి అతను అప్పటికే ఒక సవారీతో బేరమాడుతున్నాడు. మిగిలింది నేనూ, సైకిలూ. సైకిలు తొక్కడం నాకు రాదు. చాంద్రాయణగుట్ట నుంచి ఆటో నడుపుకొచ్చిన మనిషిని, సైకిలును నెట్టుకుంటూ ఇంటికి నడిచాను.

ఆయన పిల్లల్ని దించి వచ్చాడు. కాళ్లు కడుక్కున్నాడు, అన్నం తిన్నాడు. కిట్టు పీకించే సంగతి ఆలోచిస్తున్నాడేమోనని నా భయం. ట్రిప్పు తప్పలేదు కదా అని అనాలనుకున్నాను. ఆయన చెయ్యి కడుక్కుని, గోడకు ఆనుకుని, అప్పుడు అడిగాడు.

"ఫస్ట్ గేర్ల ఇంజన్ గంతగనం మొత్తుకుంటుంటే నీకు ఇనవడలేదా?"

"ఇనవడ్డది."

"మరి రెండో గేర్ ఎందుకు వెయ్యలే?"

"లైన్ల రెండో గేర్ పని ఎన్నడు పడలే."

ఆయన తువ్వాలు ముఖం మీద కప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకుని భయపడి తువ్వాలు లాగాను. నవ్వుతున్నాడు. కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వుతున్నాడు. నవ్వంతా అయ్యాక, "కిట్టు ఉండనీ. బండి ఉండనీ. నీకు మలుపుడు రాకుంటే మాత్రం ఎట్ల? రేపు ఆయితారం, జల్‌పల్లి దిక్కు పోదాం," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే వెళ్లాం. అప్పట్లో అక్కడ ప్లాట్లకు రాళ్లు పాతి వదిలేసిన ఖాళీ నేల ఎంత చూస్తే అంత ఉండేది. (ఇప్పుడన్నీ ఇళ్లే. ఆ దారిన పోయినప్పుడల్లా, ఆనాడు నేను ఎవరి వంటింట్లోంచి ఎవరి పడకగదిలోకి ఆటో తోలానో అని, ముప్పై నిండని ఆ మొండిదాన్ని తలుచుకుని నవ్వుకుంటాను.) ఆయన వెనక సీట్లో సవారీలా కూర్చున్నాడు. ముందు ఏ బండీ లేదు. మొదట కాసేపు అదే భయమేసింది. తర్వాత ఎడమకు తిప్పాను. కుడికి తిప్పాను. రెండో గేరు వేశాను, ఇంజను గొంతు తగ్గి హాయిగా గురక పెట్టింది. రాళ్ల మధ్యలోంచి గుండ్రంగా తిరిగి వచ్చాను. ఎండెక్కింది, ఆకలేస్తోంది, తల తిరుగుతోంది, ఇక ఇంటికి పోదాం పా అని వెనక నుంచి ఆయన బతిమాలుతూనే ఉన్నాడు. నేను మళ్లీ కుడికి తిప్పాను.